పొగ పైపులకు పూత పూసిన మా మామ

పోయిన సోమవారం పొద్దున నేను షెడ్డులో స్ప్రే గన్ను కడుగుతా ఉంటే మా అత్త వాకిట్లోకి వచ్చి నిలబడింది. "పాపా, గన్ను కింద పెట్టు" అనింది. అంతే. పెయింటు తిన్నరు అంటిన చేతులతోనే ఇంట్లోకి పరిగెత్తితి. మా మామ గోడ పక్కకు తిరిగి పండుకున్నట్లే ఉన్నాడు. పోయినాడు.

ఇది చదివేవాళ్ళలో శానామందికి మా మామ ఎవరో తెలీదు. మాది పావగడ తాలూకా రాయచెర్లు. సోలారు పార్కు చూసేకి మీరెప్పుడన్నా ఈ పక్కకొచ్చింటే, రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాని ముందర తీగకు ఆరేసిన తెల్ల గ్లౌజులు చూసింటారు. ఇదేదో ఆస్పత్రి అనుకోనుంటారు. కాదు. అది మా మామ షెడ్డు. కార్లవి, జీపులవి, ట్యాంకర్లవి పొగ పైపులు, టర్బోలు తెచ్చిస్తే వాటికి సెరామిక్ కోటింగు చేసిచ్చేవాడు. ఇట్లాంటి మనిషి గురించి పేపర్లో ఎవరూ రాయరు. అందుకని నేనే రాస్తా ఉండా. కోడలు మామను పొగిడితే నలుగురూ నవ్వుతారని నాకు తెలుసు. నవ్వనీ.

కోటింగంటే ఏందప్పా అని మా ఊర్లో అడగనోళ్ళు లేరు. అడిగిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచీ చెప్పేవాడు, విసుక్కునేది లేదు. ఇంజన్లో కాలిన పొగ బయటికొచ్చే పైపులు ఎండాకాలంలో బండి గుట్ట ఎక్కితే ఎర్రగా కాలిపోతాయి. ఆ పొగ తోసే తోపుకే తిరిగే టర్బో సంగతి చెప్పనక్కర్లేదు. ఆ వేడంతా బానెట్టు కిందనే నిలబడితే వైర్లు కాలతాయి, డ్రైవరు కాళ్ళు కములుతాయి. పైపుల మీద పలచగా సెరామిక్ పూత పూసి పొయ్యిలో కాలిస్తే, వేడి పక్కలకు రాకుండా పొగతోటే వెనక్కి పోతాది. మా అత్తకు మాత్రం ఇంత కత చెప్పలేదు. "సంగటి తపేల దించేటప్పుడు గుడ్డ పట్టుకుంటావు కదే? ఇది పైపుకు కట్టిన గుడ్డ, అంతే" అన్నాడంట. "వేడిని తరమగూడదు, దారి చూపియ్యాల" అనేది ఆయప్ప మాట. అది పైపుల గురించి చెప్పేవాడో, కోపంతో ఇంటికొచ్చే మా ఆయన గురించి చెప్పేవాడో నాకు సగంసార్లు అర్థమయ్యేది కాదు.

మా మామ వయసులో ఉన్నప్పుడు బెంగుళూరులో రేసు కార్ల పైపులకు పూత పూసే చోట పని చేసినాడు. మా పొలం సోలారు వాళ్ళకు గుత్తకు పోయినాక ఊరికి తిరిగొచ్చినాడు. శెనక్కాయ పండే నేలలో సోలారు పలకలు లేచినాయి. ఇంటికి గుత్త దుడ్లు వస్తా ఉండె, మా ఆయనకు ఆ పలకలు కడిగే బండి మీద పని దొరికింది. అందరూ ఇంగ కూర్చోని తినప్పా అన్నారు. "సేద్యం చేసేకి భూమి లేదు సరే, కూర్చోని తినేకి నాకు మనసు లేదే" అని, పావగడలో మూతపడిన బేకరీ ఒకటుంటే దాని పాత ఓవెన్ను ట్రాక్టరు మీద ఏసుకోనొచ్చినాడు. ఊరంతా పడిపడి నవ్వింది. "మామా, బన్నులెప్పుడు దించుతావు?" అని పిల్లోళ్ళ కాడ నుంచి ముసలోళ్ళ దాకా ఆటపట్టిచ్చినారు. "మీ జీపు పైపులు తెండి, బన్నుల కన్నా మెత్తగా కాలుస్తా" అనేవాడు.

తెచ్చినారు. గుత్త దుడ్లు చేతికొచ్చినాక మా పక్క టర్బో జీపులు, పికప్పులు ఊరికి నాలుగైనాయి. దుమ్ము, ఎండ, గుట్ట దారులు. వైర్లు కాలిపోయిన బండ్లు తోసుకుంటా వచ్చేవాళ్ళు.

నేను మొదట షెడ్డులోకి పోయింది అన్నం క్యారియరు ఇచ్చేకి. నేను పీయూసీ చదివిన దాన్ని, ఇంట్లో గమ్మున కూర్చునే రకం కాదు. ఆయప్ప తినే లోపల అదేంది ఇదేంది అని అడుగుతా ఉంటి. ఒక పొద్దు గాలి గొట్టంతో ఇసుక కొట్టి శుభ్రం చేసిన పైపు బల్ల మీద ఉంటే, ఎంత బాగుండాదని ముట్టుకోబోతి. "ముట్టద్దు!" అని మా మామ అరిచినాడు. నేను కోడలుగా వచ్చినాక ఆయప్ప అరిచింది అదొక్కటే సారి. నాకు కోపమొచ్చి క్యారియరు ఆడనే ఇడిసిపెట్టి ఇంటికి వచ్చేస్తి. సందేళ ఆయప్పే వచ్చినాడు, చేతిలో ఒక జత తెల్ల గ్లౌజులు పట్టుకోని. "అమ్మా, మనిషి చేతికి నూనె ఉంటాది. మన కంటికి కనపడదు, పూతకు కనపడతాది. ముట్టిన చోట పూత పట్టదు, కాలినాక లేచిపోతాది. ఇవి తొడుక్కోని రేపట్నుంచి నువ్వే ముట్టుకో" అన్నాడు. అట్ల చేరినా నేను పనిలో.

నూనె పోయేకి పైపును కాల్చేది, ఇసుక కొట్టేది, స్పిరిటుతో తుడిచేది, బోల్టులు కూర్చునే మొగాలకు టేపు అంటించేది, టర్బో లోపలికి పూత పోకుండా బొక్కలకు బిరడాలు పెట్టేది, అన్నీ నాకు నేర్పినాడు. గన్ను ఒక్కటి మాత్రం ఇయ్యలేదు. అడిగితే "చూస్తాంలే" అనేవాడు. పూత అయినాక పొయ్యిలో పెట్టి కాల్చి, మంట ఆర్పేసి, ఆ తలుపు తియ్యకుండా దాని ముందర స్టూలేసుకోని కూర్చునేవాడు. బండాయప్పలు తొందరపెడితే, "చల్లారేది కూడా పనేనప్పా" అనేవాడు. ఎంత పెద్దోడు వచ్చి నిలబడినా ఆ తలుపు తీసేవాడు కాదు.

ఆయప్ప టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకునేది నేను మొదట్లో పట్టించుకోలేదు. మే నెల ఎండలో కూడా అట్లనే పట్టుకుంటా ఉంటే, ఇదేంది ఈ ఎండలో ఎవరన్నా చేతులు కాచుకుంటారా అని చూస్తి. కుడి చెయ్యి వణుకుతా ఉండాది. నేను చూసినానని ఆయప్ప చూసినాడు. గన్ను పట్టుకుంటే మాత్రం ఆ చెయ్యి నిలబడేది. ఎట్ల నిలబడేదో దేవునికే తెలుసు. మూపు బిగబట్టి, ఊపిరి ఆపి, పైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క తీరుగా పోయేవాడు. అయినాక చెమటలు కారిపోయేవి. పూత పూసేది తప్ప ఆయప్పకు ఇంగేమీ లేదని నాకు ఆ పొద్దు తెలిసింది. ఆ చెయ్యి చెడిందని ఒక్క మాట ఊర్లో పుడితే చాలు, ఆయప్ప బతికుండీ లేనట్లేనని బయపడితి.

ఆ మాట పుట్టనే పుట్టింది. ఆయుధపూజ అయిన మర్నాడు నిడుగల్లు జీపాయప్ప పైపులకు పూత పూసినాడు మామ. నాలుగు పైపులు, టర్బోకు పైనుండే ఇనప గూడు ఒకటి. నేను పక్కనే ఉంటి. చక్కగా వచ్చింది, నా కండ్లతో చూస్తి. ఆ జీపాయప్ప గొర్రెల్ని, మనుషుల్ని ఏసుకోని నిడుగల్లు కోట కింద ఊర్లకు తిరిగే మనిషి, నోరు పెద్దది. కొన్ని రోజులకు పైపుల్ని గోనెసంచిలో ఏసుకోనొచ్చి బల్ల మీద దబుక్కున పడేసినాడు.

"ఏంది మామా ఇది? అమ్మోరు పోసినట్ల మచ్చలు! బెంగుళూరు పనితనం అంటే ఇదేనా?"

నాలుగు పైపుల మీదా పూత గుండ్రంగా లేచిపోయి, తుప్పు కనపడతా ఉండె. టర్బో గూడు మాత్రం బాగుండాది. రోడ్డు మీద టీ తాగుతా ఉండినోళ్ళు కూడా లోపలికొచ్చినారు. "ముసలాయప్ప చెయ్యి వణుకుతాది, నేను ఎప్పుడో చూస్తి" అన్నాడు ఒకడు. "పాపం, వయసైంది కదా, ఇంగ ఇంట్లో ఉండల్ల" అన్నాడు ఇంగొకడు. పాపమంట! నాకు నోట్లోకొచ్చిన మాట ఈడ రాసేది కాదు.

మామ ఒక్కొక్క పైపునే ఎత్తి వెలుతురుకు తిప్పి చూసినాడు. మచ్చల్ని బొటనవేలితో తడివినాడు. రోంతసేపు ఇంటి పక్కకు చూసినాడు. అప్పుడన్నాడు. "అవునప్పా. చెయ్యి వణికింది. తప్పు నాదే. ఊరికే మల్లా చేసిస్తా."

జీపాయప్పకు కూడా ఆ మాట మింగుడుపడలేదు. కొట్లాటకు వచ్చినోనికి ఎదుటి మనిషి ఒప్పుకుంటే ఏం చెయ్యాలో తోచదు కదా. గొణుక్కుంటా పోయినాడు. ఆ వారంలో పని రాలేదు. పార్కులో నీళ్ళ ట్యాంకర్ల కాంట్రాక్టరు టర్బోలు తెస్తానన్నోడు, ఫోను ఎత్తేది మానేసినాడు.

జనం పోయినాక నేను మామ మీద లేస్తి. "యాల ఒప్పుకుంటివి? నేను పక్కనే ఉంటి కదా! నీ చెయ్యి యాడా వణకలేదు. పూత ఎంత సమంగా పడిందో నేను చూసినా. పైపుల్లో ఏముండాదో ఏమో, ఎవడు ముట్టినాడో ఏమో, నీ నెత్తిన యాల ఏసుకుంటివి?"

మామ గ్లౌజులు ఇప్పి మడతపెడతా ఉండె. "రేపు నువ్వు గన్ను పట్టు" అన్నాడు.

"నేనడిగేదేంది, నువ్వు చెప్పేదేంది?"

"రేపు నువ్వు పట్టల్ల. ఆ జీపాయప్ప కండ్ల ముందర."

మర్నాడు జీపాయప్పను పిలిపించినాడు. నేను గన్ను పట్టుకునేది చూసి జీపాయప్ప, "ఆడమనిషా?" అన్నాడు. "నీ జీపు ఏమన్నా మొగోళ్ళ చేతి సంగటే తింటాదా?" అన్నాడు మామ. మామ నా వెనకాల స్టూలు మీద కూర్చోని కండ్లు మూసుకున్నాడు. చూసేకి కాదు, వినేకి. గన్ను నుంచి వచ్చే గాలి చప్పుడును బట్టే అన్నీ చెప్పినాడు. "చెయ్యి ముందర కదలాల, ఆ తర్వాత నొక్కాల. ఆ. కొస వస్తా ఉండాది, ముందే ఇడుసు. దగ్గరికి పోతా ఉండావు, వెనక్కి రా. పలచగా, పలచగా. మొగుని మీద కోపం ఉంటే ఇంటికాడ చూపించు, పైపు మీద కాదు." జీపాయప్ప కూడా నవ్వేసినాడు. నాకు ఏడుపొచ్చేట్ల ఉండె. ఆయప్ప తన పూతను, తన చేతిని నాకు ఇచ్చేస్తా ఉండాడని తెలుస్తానే ఉండె. ఏడిస్తే చెయ్యి కదులుతాదని పండ్లు బిగబట్టుకుంటి.

ఆ పూత నిలబడింది. జీపు కోట గుట్ట కింద ఎండలో కొన్ని నెలలు తిరిగినాక, ఆ జీపాయప్పే వచ్చి బానెట్టెత్తి చూపించినాడు. పైపులు మబ్బు రంగులో, ఒక్క గీత లేకుండా ఉండాయి. ఒక మూట శెనక్కాయ దించి, "అక్కా, ఆ పొద్దు రోంత ఎక్కువ మాట్లాడితి" అన్నాడు. "రోంతేనా?" అంటి. వేరే బండ్లు వచ్చినాయి. ట్యాంకర్ల టర్బోలు వచ్చినాయి. మామ గన్ను ముట్టలేదు. ముట్టకపోయినా షెడ్డుకు ఆయప్పే పెద్ద. బిరడాలు తీసినాక టర్బో బొక్కలో ఊది, చెవి పెట్టి విని, "ఒక ఇసుక గింజ ఉండాది, మల్లా కడుగు" అనేవాడు. కడిగితే ఉండేది!

ఒక్కటే నాకు మనసులో ముల్లు మాదిరి ఉండిపోయింది. నేను గన్ను పట్టిన కాడ నుంచి మా అత్త షెడ్డులోకి వచ్చేది మానేసింది. అంతకుముందు దినామూ ఒకసారన్నా వచ్చి, గ్లౌజులు ఆరేసి, ఆయప్పతో రోంతసేపు కొట్లాడి పోయేది. ఆ తర్వాత గ్లౌజులు ఉతికి నా చేతికే ఇచ్చేది. మొగుడు కూర్చున్న చోట కోడలు నిలబడిందని ఆయమ్మకు కడుపుమంట అనుకుంటి నేను. నేనూ తక్కువదాన్ని కాదు, ముక్కు మీద కోపం. ఆయమ్మ మూతి ముడిస్తే నేనూ ముడుస్తి. ఏడాదికొకసారి ఆయుధపూజకు మాత్రం మామ పని వస్తువులన్నీ పొయ్యిలో పెట్టి తలుపేసి, "ఏమే, బొట్లు ఈ తలుపుకు పెట్టు, నిండుగా పెట్టు" అని గట్టిగా పిలిచేవాడు. ఆయమ్మ వచ్చి, తలుపంతా గంధం, కుంకుమ పెట్టి, బొరుగులు బెల్లం పంచి, తల వంచుకోని పోయేది.

ఈ సారి ఎండలు పోతా ఉండంగా మామకు జ్వరం వచ్చింది. పావగడ ఆస్పత్రిలో కొన్ని దినాలుండి, చాలు ఇంటికి పోదామన్నాడు. చెయ్యే కాదు, మనిషంతా బక్కచిక్కిపోయినాడు. మాట మాత్రం ఉండె. పోయేకి ముందర వారంలో ఒక పొద్దున నేను ఆయప్పకు చెంచాతో గంజి తాపిస్తా ఉంటి. అత్త కాళ్ళ కాడ కూర్చోనుండె. ఉన్నట్లుండి, "ఇదో" అనింది. "ఆ జీపు పైపులు చెడగొట్టింది నేను."

నేను చెంచా గిన్నెలో పెట్టేస్తి.

"ఆయుధపూజ నాడు నువ్వు నీళ్ళు పోసుకునేకి పోయినావు. షెడ్డులో పని వస్తువులన్నిటికీ బొట్లు పెట్టినా. మీరు స్పిరిటుతో తుడిచి ఉంచిన ఆ పైపులు తీగకు వేలాడతా ఉండె, తెల్లగా. పండగపూట బోసిగా ఉండాయే అని నాలుగిటికీ నాలుగు బొట్లు పెడితి. దీపాలు ముట్టిచ్చిన చేతులు, నూనె చేతులు. మల్లా నువ్వు కేకలేస్తావని బయమేసి కొంగుతో తుడిచేస్తి. పోయింది కదా అనుకుంటి. ఆ జీపాయప్ప వచ్చి మచ్చలు చూపిస్తా ఉంటే నేను కిటికీలోంచి చూస్తి. నా బొట్లే అవి. ఊరంతా నీ చెయ్యి పోయిందని అనింది. నేను నోరిప్పలేదు. ఇంగ ఆ షెడ్డులోకి ఏ మొగం పెట్టుకోని వచ్చేది?"

ఇన్నేండ్లు నేను కడుపుమంట అనుకున్నది ఇదా అని, ఆయమ్మ మొగం చూసేకి సిగ్గేసింది.

మామ నవ్వినాడు. దగ్గొచ్చింది, దగ్గినాక మల్లా నవ్వినాడు. "తెలుసులేవే."

"ఏం తెలుసు?"

"నాలుగు పైపులు. నాలుగు మచ్చలు. ఉంగరం వేలు మోపినంత, అన్నీ ఒకే ఎత్తున, వరసగా. వణికే చెయ్యి అంత నీటుగా తప్పు చేస్తాదా?"

అత్త తలెత్తింది. "తెలిసీ యాల చెప్పలేదు?"

"ఏమని చెప్పల్ల? పండగ నాడు నా పెండ్లాం పెట్టిన బొట్టు అచ్చిరాలేదని ఊర్లో చెప్పల్లా? చెప్పింటే, ఇంగ ఈ ఊర్లో ఒక్కడన్నా తన బండికి నిన్ను బొట్టు పెట్టనిచ్చునా? నాదంటే ఎట్లాగూ వణికే చెయ్యే. దాని మీద ఇంగొక మాట పడితే బరువేంది?" ఊపిరి తీసుకునేకి ఆగినాడు. నా పక్కకు తిరిగినాడు. "గన్ను ఇడిసేకి నాకూ మనసు రాకుండె పాపా. మీ అత్త ఇడిపించింది. మంచిదే అయింది."

"ఇన్నేండ్లు నన్ను ఉడకబెడితివి కదప్పా!" అని అత్త ఒక్క అరుపు అరిచింది. కొట్టేదాని మాదిరి చెయ్యెత్తి, ఆ చేత్తోనే ఆయప్ప కుడి చేతిని పట్టుకోని ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యి వణుకుతా ఉండె. ఆయమ్మ రెండు చేతులూ దాని మీద మూసింది. అవి కూడా వణుకుతా ఉండె. నేను గంజి గిన్నె పట్టుకోని చూస్తానే ఉంటి, ఆ వణుకు ఎవరిదో నాకు తెలీలేదు.